అడవి కాలితే నేల కింద ఏమవుతుంది

ఒరేయ్ శ్రీనూ,

కాలిఫోర్నియా నుంచి నువ్వు పంపిన ఫోటోలు చూశాను. సియెర్రా నెవాడా అడవిలో మిషన్లతో చెట్లు కొట్టి పలుచన చేయడం, తర్వాత ఫారెస్టోళ్లే దగ్గరుండి మంట పెట్టడం. "ఇట్ల చేస్తే భూమిలో ఫంగస్ అంతా సచ్చిపోదా, మన నల్లమలలోని అమ్రాబాద్‌ అడవిలో కూడా ఇదే చేయొచ్చా" అని అడిగావు. ఫోన్లో తేలే ముచ్చట కాదని రాస్తున్నా. బాటనీ చెప్పుకునేవాణ్ణి అడిగావు, భరించు.

వాళ్లకు ఆ అవసరం ఊరికే రాలేదు. అక్కడి ఆదివాసులు తరతరాలుగా చిన్న చిన్న మంటలు పెట్టుకుంటూ వచ్చారు. 1935లో వాళ్ల ఫారెస్ట్ సర్వీసు ఎక్కడ మంట కనబడ్డా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా అదుపులోకి రావాలని రూల్ పెట్టింది. అట్లా ఏళ్ల తరబడి ఆర్పుకుంటూ పోయేసరికి చెట్లు ఒత్తుగా పెరిగి, కింద పైన్ ఆకులు మందంగా పేరుకుపోయాయి. ఇప్పుడు అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కావట్లేదు, అందుకే ముందే కొన్ని కొట్టేసి మిగతా చెత్త కాలుస్తున్నారు.

ఇక ఫంగస్. పైన్ చెట్ల సన్న వేర్ల చివర్లకు ఇది తొడుగులా పట్టుకొని ఉంటుంది. చెట్టు చక్కెర ఇస్తే, ఇది సన్నని దారాలు చుట్టూ పాకించి నత్రజని, భాస్వరం, నీళ్లు తెచ్చి ఇస్తుంది. చెట్టు కొట్టేస్తే ఆ చక్కెర బంద్. అయితే పక్కనే బతికున్న చెట్టు ఉంటే దాని వేర్ల మీద చాలా రకాలు బతికిపోతాయి, కాబట్టి చెట్లను అక్కడక్కడా వదులుతూ పోతే నష్టం తక్కువ, ఒకే చోట బోడి చేస్తే ఎక్కువ. బరువు మిషన్లు తిరిగి నేల గట్టిపడటం ఇంకో బాధ.

మంట సంగతి కొంచెం తిరకాసు. మట్టి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు, ఆకు కాలి మంట సర్రున దాటిపోతే కొన్ని సెంటీమీటర్ల లోతులో పెద్ద తేడా ఉండదు. కానీ వాళ్ల అడవుల్లో ఈ ఫంగస్ చాలావరకు ఉండేదే కుళ్లిన ఆకుల పొరలో, దాని కింది పైమట్టిలో. ఆ పొర తడిగా ఉంటే పైపైన కాలి ఊరుకుంటుంది, ఎండి ఉంటే మొత్తం రాజుకొని గంటలకొద్దీ కుములుతుంది, ఎగిసే మంట కన్నా ఆ కుములుడే నేలకు చేటు. అమెరికాలోనే తూర్పు ఒరెగాన్‌లో పాండరోసా అనే రకం పైన్ అడవుల్లో పోల్చి చూశారు: వేసవి ఎండలు దాటాక సెప్టెంబర్-అక్టోబర్‌లలో కాల్చినచోట వేర్ల మీది ఫంగస్ రకాలు బాగా తగ్గాయి, నేల తడి ఉన్న వసంతంలో కాల్చినచోట అంత తగ్గలేదు. అన్నిటికన్నా చెడ్డది కొమ్మలు కుప్పపోసి కాల్చడం. కుప్ప కింద వేడి లోతుకు దిగి, ఆ మచ్చలో చాన్నాళ్లు గడ్డి కూడా సరిగ్గా మొలవదు.

అట్లని అన్నీ చావవు. పైరోనీమా అనే ఫంగస్ కాలిన నేల మీద కొన్ని వారాల్లోనే నారింజ రంగులో పరుచుకుంటుంది. హిమాలయాల్లో గుచ్చి అని బాగా రేటు పలికే పుట్టగొడుగు ఉంది చూడు, దాని చుట్టాలు అక్కడ అడవి కాలిన మరుసటి వసంతంలో లేస్తాయి, జనం బుట్టలు పట్టుకొని ఎగబడతారు. రైజోపోగాన్ అని ఇంకోటి, దాని విత్తుల్లాంటి బీజాలు నేలలో ఏళ్ల తరబడి ఓపిక పట్టి, మంట తర్వాత మొలిచే పైన్ మొక్కల వేర్లకు పట్టుకుంటాయి.

ఇదంతా తెచ్చి మన అమ్రాబాద్ అడవిలో మన్ననూరు దగ్గర అతికిస్తే కుదరదురా. మన టేకు, తునికి లాంటి చెట్లకు ఉండేది వేరు కణాల లోపలికే దూరే రకం ఫంగస్, అది పుట్టగొడుగులు లేపదు. పైగా టేకును కొడితే మోడు మళ్లీ చిగురిస్తుంది, అంటే వేరు బతికే ఉంటుంది, లోపలి ఫంగస్‌కు తిండి పూర్తిగా ఆగదు. పాండరోసా పైన్ కొడితే అంతే, మళ్లీ లేవదు. ఇంకా మన దగ్గర చెదలు, వానలు కలిసి ఆకును అంత మందంగా పేరుకోనివ్వవు. మీ అమ్మ వానాకాలంలో కూర వండే పుట్టకొక్కులైతే చెదలే పుట్ట లోపల సాగు చేసుకునే పంట, పైన మంట పోయినా దానికి పెద్దగా పట్టదు.

మరి మనకు బాధే లేదా అంటే ఉంది. మన మంటలు వచ్చేది ఫిబ్రవరి నుంచి మే దాకా, నేల పూర్తిగా ఎండిన టైములో. అందులో చాలావరకు మనుషులు పెట్టేవే: తునికాకు లేతగా రావాలని, ఇప్పపువ్వు ఏరుకోవడానికి కింద శుభ్రంగా ఉండాలని, పశువులకు కొత్త గడ్డి కావాలని, లేదంటే ఊరికే పారేసిన బీడీ. ఒక్క మంటతో నేల చావదు, ఏటా అదేచోట కాలితేనే చిక్కు. కుళ్లాల్సిన ఆకు ఏటా బూడిదవుతుంటే దాన్ని తిని బతికే ఫంగస్‌కు మిగిలేదేంటి? చిన్న మొక్కలు చస్తే కొత్త వేర్లు ఎక్కడివి? చివరికి బోదగడ్డి పెరుగుతుంది, అది ఇంకా బాగా అంటుకుంటుంది.

అందుకని నన్నడిగితే మన అడవికి థిన్నింగ్, అదే చెట్లు కొట్టి పలుచన చేయడం, అక్కర్లేదు. ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీలు, శుభ్రంగా కాల్చి, లోపలి ఆకును మాత్రం కొన్నేళ్లు అట్లే కుళ్లనిస్తే చాలు. ఎక్కడ ఎప్పుడు అంటుకుంటుందో చెంచులకు తెలిసినంత శాటిలైట్‌కు తెలియదు, ముందు వాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

నీ మూడో ఫోటోలో వెనక కొమ్మల కుప్పలు కనబడుతున్నాయి. వాటిని ఎప్పుడు కాలుస్తారో అక్కడోళ్లను కనుక్కో, కాల్చాక ఆ మచ్చల దగ్గరికి వెళ్లి నారింజ రంగు ఏమైనా కనబడితే ఫోటో తీసి పంపు. మా పిల్లలకు క్లాసులో చూపిస్తా.

నీ యాదగిరి
అచ్చంపేట