మందు పట్టించిన కర్ర ముక్కలు ఇక పొయ్యికి ఇవ్వం

మన విజయనగరం అడితికి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మందు పట్టించిన గుంజల ముక్కలు, వాటి రంపపు పొట్టు ఎవరికీ ఇవ్వడం లేదు, డబ్బులిస్తామన్నా సరే. నీళ్లపొయ్యి కోసం గోనెసంచితో వచ్చి ఉత్తచేతులతో వెళ్లినవాళ్లకు కోపం వచ్చింది. "పారేసే చెక్కే కదా, ఇస్తే ఏం పోతుంది?" అని ఒకావిడ గట్టిగానే అడిగారు. ఆమెకు చెప్పిందే అందరికీ చెబుతున్నాను.

కంచెలకు, పాకలకు మీరు తీసుకెళ్లే ఆకుపచ్చ ఛాయ గుంజల్లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉంటాయి. సీసీఏ అంటారు. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో సొంటి కామేశం గారు కనిపెట్టిన మందు ఇది. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదను చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కర్రకు పట్టి ఉంచుతుంది. భోగాపురం, పూసపాటిరేగ వైపు పాతిన సరుగుడు గుంజ నేల దగ్గరే పుచ్చిపోవడం మీకు తెలుసు. అక్కడ ఈ మందు మంచి పని చేస్తుంది, అందుకే అమ్ముతున్నాను.

నా భయమంతా మంటతోనే. ఆర్సెనిక్ మనుషులకూ విషమే; కాలిస్తే అది కొంత పొగలో కలుస్తుంది, మిగతాది బూడిదలో చేరుతుంది. ఆ బూడిదతోనే అంట్లు తోముతాం, చిక్కుడు పాదుకు చల్లుతాం. ఎండకు, వానకు పచ్చరంగు వెలిసిపోయినా మందు కర్రలోనే ఉంటుంది. కాబట్టి పాత కంచె గుంజలు భోగి మంటలో కూడా వేయకండి, పిల్లలంతా చుట్టూ నిలబడేది అక్కడే.

కుడితి తొట్టికి, ధాన్యం గాదెకు, వంటింటి పీటకు ఈ కర్ర వద్దు. అమెరికాలో 2003 ఆఖరుతో ఇళ్ల వాడకానికి దీన్ని కంపెనీలే మానేశాయి. మీ తలుపులకు, కిటికీలకు మేం బోరాక్స్, బోరిక్ యాసిడ్ పట్టించిన చెక్కే ఇస్తున్నాం. ఆ మందు వానకు కరిగిపోతుంది, ఆ చెక్క బయట వాడితే డబ్బు దండగ. తారు వాసన కొట్టే పాత రైలు స్లీపర్లు చవగ్గా దొరికాయని ఇంట్లో బల్లలు చేయించుకోవద్దు, వాటిలో ఉండేది క్రియోసోట్ అనే తారు మందు, అదీ ఒంటికి మంచిది కాదు.

గుంజను కోయాల్సి వస్తే ఆరుబయట, మాస్కు పెట్టుకుని, కింద పట్టా పరిచి కోయించండి. పొట్టు పశువుల కిందకి పోకూడదు.

మందు లేని మామిడి, వేప ముక్కలు ఎప్పటిలాగే ఉచితం. గేటుకు ఎడమవైపు కుప్ప పోయిస్తున్నాం. మందు ముక్కల కొసలకు ఎర్రరంగు పూయిస్తున్నాం, అవి మాత్రం సంచిలో వేసుకోకండి.