నాలుగు అడిగితే ఐదు పలికాయి

గుంటూరు,
ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర

ఒరేయ్ ముప్ఫై ఏడూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువుదువుగాని. సంక్రాంతికి రాస్తానన్నాను, శివరాత్రి కూడా వెళ్లిపోయింది. వాయిస్ మెసేజ్ పెడదామంటే నువ్వు అర నిమిషం దాటితే వినవు. ఎదురింటి అన్నయ్య సాయంత్రం బండికి వైజాగ్ వస్తున్నాడు. అమ్మ నీకు ఆవకాయ కడుతోంది, దాంతో పాటు ఇదీ పంపిస్తున్నా. నూనె మరకలుంటే నా తప్పు కాదు.

అమ్మ మోకాలు పర్వాలేదు. చెల్లి సంబంధం తప్పిపోయింది, మంచిదే అయింది, ఫోన్లో చెబుతా. నా ఉద్యోగం ఇంట్లోంచే నడుస్తోంది. నీ రెండు వందలు ఇవ్వను, ఎందుకో నీకు తెలుసు. కుశలాలు అయిపోయాయి. ఇక వారం రోజులుగా కడుపులో దాచుకున్న సంగతి.

మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్టు గుర్తుందిగా? నువ్వొకసారి వచ్చి, గుమ్మం దాటకుండానే ఇరవై ఏడు తుమ్ములు తుమ్మిన చోటు. బస్తాలు మోసే ముఠా వాళ్లు ఇప్పటికీ అడుగుతారు, "ఆ తుమ్ముల బాబు రాలేదా" అని. ఇప్పుడు మంచి సీజను. పొద్దున బేరాలు, మధ్యాహ్నం కాటాలు, ఆ పని తెమిలి రైతులకి అమ్మకం లెక్కల చీటీలు, అంటే తక్‌పట్టీలు ఇచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. సరిగ్గా ఆ ఆరు దాటాకే బాబాయి కొత్తగా కొన్న ప్రింటరు మొండికేస్తోంది. పగలంతా బంగారం. దీపాలు పెట్టే వేళకి మూగనోము. ఒక్కోసారి రెండు కాగితాలు వచ్చి ఆగిపోతుంది, ఐదు నిమిషాలకి దానంతటదే ఇంకో రెండు వదులుతుంది.

నెల రోజులు ఇదే తంతు. ఓల్టేజీ అన్నారు, స్టెబిలైజర్ కొన్నారు. మిర్చి దుమ్ము అన్నారు, ప్రింటరు విప్పి తుడిచారు. ఎలుకలు అన్నారు, బోను పెట్టారు, అందులో గుమస్తా చెప్పు పడింది. చివరికి పిన్ని దిష్టి అంది. ప్రింటరుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన కొట్టు యార్డు మొత్తానికి మాదొక్కటే. మిరపకాయలకి కొదవ లేదనుకో.

సిస్టమ్ చూసే కుర్రాడు మూడుసార్లు వచ్చాడట. వచ్చిన ప్రతిసారీ నల్ల తెర తెరవడం, ప్రింటరుని "ఉన్నావా" అని పలకరించడానికి పింగ్ అనే కమాండుతో దాని నంబరు 192.168.1.201 కొట్టడం, నాలుగు జవాబులు రాగానే "లైను ఓకే అంకుల్" అని మూడు వందలు తీసుకుని వెళ్లడం.

సోమవారం సాయంత్రం నేను చెల్లి పెళ్లిచూపుల కబురు చెప్పడానికి వెళ్లి ఇరుక్కున్నా. వినుకొండ వైపు నుంచి తేజ రకం మిర్చి తెచ్చిన పెద్దాయన ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు విప్పుతాడు, దులుపుతాడు, మళ్లీ మెడలో వేసుకుంటాడు. బస్సు టైము అవుతోంది. గుమస్తా చేత్తో పట్టీ రాస్తున్నాడు, కూడిక రెండుసార్లు తప్పింది. బాబాయి నన్ను చూసి, "నువ్వు కంప్యూటర్లలోనే ఉన్నావు కదరా!" అన్నాడు. నేను రాసేది జీతాల లెక్కల ప్రోగ్రాములు. పంతులుగారిని పశువుకి సూది వెయ్యమన్నట్టుంది నా పని. అయినా బాబాయి అడిగితే కాదనలేం కదా.

నేనూ ముందు పింగే కొట్టాను. పలికింది. ఇంకోసారి కొట్టా. పలికింది. ప్రింటు మాత్రం లేదు.

ఈ పింగ్ సంగతి నీకు చెప్పాలి, ఓడల మధ్య బతికేవాడివి. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం వాళ్ల బాలిస్టిక్ పరిశోధనాశాలలో మైక్ మూస్ అనే ఆయన ఒక్క సాయంత్రంలో రాసి పడేశాడట, వెయ్యి లైన్లు. పేరు ఎక్కడిదంటే మీ సోనార్ చప్పుడే. నీళ్లలోకి ఒక శబ్దం వదిలి, అది దేనికో తగిలి తిరిగొచ్చిందా లేదా అని వినడం. అంతవరకూ బాగానే ఉంది. కానీ తిరిగొచ్చిన చప్పుడు తిమింగలానిదో బండరాయిదో నీకెలా తెలుస్తుంది? నేను ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయా. 201 పలుకుతోంది సరే, పలికేది ప్రింటరేనా?

నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంది కదా, దాంట్లో ఆర్పింగ్ అని ఇంకోటుంది. ఇది ఇంకా కింది మెట్టు మీద పని చేస్తుంది. 192.168 అంటూ మనం ఇచ్చే నంబర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అద్దె ఇంటి డోర్ నంబరు లాంటివి. ప్రతి యంత్రానికీ తయారైన చోటే ఇంకో నంబరు వేసి పంపుతారు, మాక్ అడ్రస్, పుట్టుమచ్చ అనుకో. ఏదైనా పంపాలంటే కంప్యూటరు ముందు అందరికీ వినపడేలా "201 ఎవరండీ?" అని కేకేస్తుంది. ఉన్నవాడు "నేనే, నా మచ్చ ఇదీ" అంటాడు. ఆ మచ్చని కాసేపు గుర్తుపెట్టుకుని, మర్చిపోయాక మళ్లీ కేకేస్తుంది. ఆ కేకని మన చేతికిచ్చేదే ఆర్పింగ్. ఫైర్‌వాల్ పెట్టుకుని పింగ్‌కి నోరు మెదపని విండోస్ పీసీలు కూడా దీనికి పలకక తప్పదు, లేకపోతే వాటికి ఉత్తరాలే రావు.

కొట్టాను. నాలుగుసార్లు అడగమన్నాను. ఆఖరి రెండు లైన్లు అలాగే రాస్తున్నా చూడు: పంపినవి 4. వచ్చిన జవాబులు 5.

నాలుగు అడిగితే ఐదెలా వస్తాయిరా! కళ్లు తుడుచుకుని (ఘాటుకి కూడా) పైనుంచి చదివా. మొదటి కేకకి రెండు జవాబులు. ఒకదాని మచ్చ చివర 7ఎఫ్, ఇంకోదాని చివర 19. రెండూ "201 నేనే" అంటున్నాయి. ఈ ఆర్పింగ్ మొదటిసారే అందరినీ అడుగుతుంది, జవాబు దొరికాక మిగతా మూడుసార్లు పలికినవాడినే పేరు పెట్టి అడుగుతుంది. అందుకే ఎనిమిది కాకుండా ఐదు.

అప్పుడు నాకేం గుర్తొచ్చిందో నీకు వేరే చెప్పాలా? సెకండియర్ క్లాసు, నా రోల్ నంబరు పిలుస్తున్న చాక్‌పీసు మాస్టారు, "ఫార్టీ టూ!" నువ్వు వెనక బెంచీలోంచి నా గొంతుతో "ఎస్ సార్". ఆ రోజే నాకు బుద్ధి పుట్టి టైముకి వచ్చి గుమ్మంలోంచి "ఎస్ సార్". ఆయన తల కూడా ఎత్తకుండా ఇద్దరికీ ఆబ్సెంట్ వేసి... నేను కొట్టులో ఒక్కణ్ణే పడీపడీ నవ్వుతుంటే బాబాయి కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

ప్రింటరు తీగ పీకేశాను. పింగ్ ఇంకా పలుకుతూనే ఉంది. బాబాయి తెర వంక చూశాడు, చేతిలో వేలాడుతున్న తీగ వంక చూశాడు. "మరి ఇదెవర్రా?" అన్నాడు చిన్న గొంతుతో. పిన్ని నిమ్మకాయ వంక చూసింది. నాకూ చేతుల మీద వెంట్రుకలు నిలబడ్డాయి, నవ్వకు.

ఎన్‌మ్యాప్ కూడా వేశా. అది 256 నంబర్లనూ వీధి వీధంతా తలుపులు తట్టినట్టు కొన్ని సెకన్లలో తట్టేస్తుంది. బాబాయి సొంత కొట్టు, పక్కనే నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది, ఆఫీసులో ఇదే పని చేస్తే నన్ను పిలిచి కూర్చోబెడతారు. పద్నాలుగు పలికాయి. గుమస్తాకి రెండో ఫోను ఉందని బాబాయికి అప్పుడే తెలిసింది, అదో గొడవ. కానీ ఆ 19 ఎక్కడుందో ఏ కమాండూ చెప్పదు కదా, కాళ్లతో వెతకాల్సిందే.

మూస్ తనకి నచ్చిన కథ ఒకటి రాసుకున్నాడు. ఒకాయన కంప్యూటరు చేత జవాబు వచ్చినప్పుడల్లా "పింగ్, పింగ్" అని పలికించి, దాన్ని స్టీరియోకి తగిలించి, బిల్డింగంతా తిరుగుతూ తీగలు కదుపుతూ వెళ్లాడట, చప్పుడు ఎక్కడ ఆగితే అక్కడ తప్పు. నేనూ అదే చేశా. పింగ్‌కి మైనస్ ఏ తగిలిస్తే జవాబుకొక గంట కొడుతుంది. పొద్దున్నే భక్తి పాటలు పెట్టే స్పీకరుకి కలిపా. టంగ్. టంగ్. టంగ్. ముఠా వాళ్లు కాటా దగ్గర పని ఆపి వచ్చి నిలబడ్డారు. బల్ల కిందకి దూరి, నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే స్విచ్‌లోంచి ఒక్కో తీగా పీకుతున్నా. సీసీ కెమెరాల డీవీఆర్ పెట్టె, టంగ్. గుమస్తా పీసీ, టంగ్. ఐదోది దుమ్ము పట్టిన పసుపు తీగ, పీకగానే నిశ్శబ్దం. వినుకొండ పెద్దాయన "దొరికాడు!" అని అరిచాడు. ఆయన బస్సు అప్పటికే పోయింది పాపం.

ఆ తీగ పట్టుకుని పైకి వెళ్లాం. మెట్ల పక్క పాత గది, గోతాలు పెడతారు చూడు, అక్కడ. రాత్రి వాచ్‌మన్ తాత జంక్షన్ బాక్సులో ఫోను చార్జింగ్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన తల మీదుగా గోడకి పాత వేలిముద్రల అటెండెన్సు మిషను, ఆకుపచ్చ అంకెలు మెరుస్తున్నాయి. 2020లో కరోనా అప్పుడు వేలిముద్రలు వద్దని ఆపేసి, కింద రిజిస్టరు పెట్టారు. మిషను ఎవరూ తీయలేదు. తాత ఆరింటికి వచ్చి ఫోను కోసం స్విచ్ వేస్తాడు, దానికీ ప్రాణం వస్తుంది. సిస్టమ్ కుర్రాడు కొత్త ప్రింటరు పెట్టింది పగలు. 201ని పింగ్ చేసి చూశాడు, ఎవరూ పలకలేదు, ఖాళీ అనుకుని ఇచ్చేశాడు. సాయంత్రం అసలు ఇంటివాడు దిగాడు, ప్రింటరుకి పంపినవి వాడి దగ్గరికి పోయాయి. చూశావా, హాజరు పట్టీ వేసే మిషనే ప్రింటరుకి ప్రాక్సీ పలికింది. అంత నవ్వూ అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే...

"దీన్ని ఎందుకు ఆన్ చేస్తున్నావు తాతా?" అన్నా. "నేను చెయ్యట్లే బాబూ, అదే వెలుగుద్ది. రోజూ వేలేస్తా. థ్యాంక్యూ అంటది. అప్పుడు కుర్చీ ఏసుకుంటా" అన్నాడు. మాట నమ్మనేమోనని లేచి వేలు లుంగీకి తుడుచుకుని అద్దం మీద పెట్టాడు. ఆడగొంతు "థ్యాంక్యూ" అంది. ఆయన నా వంక చూసి తల ఊపాడు.

ఆపేశారని ఆయనకి ఎవరూ చెప్పలేదురా. ఆయన వచ్చేసరికి గుమస్తా రిజిస్టరు సొరుగులో పెట్టి తాళం వేసేసుకుంటాడు.

ప్రింటరుకి వేరే నంబరు ఇచ్చేశా, రూటరు ఎవరికీ పంచని వరసలోది. అప్పట్నుంచి పట్టీలు టకటకా వస్తున్నాయి. పిన్ని నిమ్మకాయ తీయనివ్వట్లేదు, పని చేసింది అదేనంట. మిషను మాత్రం అక్కడే ఉంచా. పెన్‌డ్రైవ్‌లోకి దాని లెక్కలు దించుకున్నా, ఊరికే చూద్దామని. పోయిన దసరాకి తాత మూడు రోజులు రాలేదని బాబాయి జీతం కోసిన సంగతి గుమస్తా చెప్పాడు. ఆ మూడు రోజులూ ఉన్నాయిరా ఇందులో. 5:58, 6:03, 5:55. పెన్‌డ్రైవ్ సోమవారం నుంచీ నా చొక్కా జేబులోనే ఉంది. బాబాయి మంచివాడే, నీకూ తెలుసు, కానీ గుమస్తా ముందు అడిగితే మాత్రం... పిన్నితో చెప్పిద్దామా అంటే ఆవిడ...

అన్నయ్య హారన్ కొడుతున్నాడు. అమ్మ సీసా మూతకి ఇంకో గుడ్డ కడుతోంది. రాత్రికి ఫోన్ చెయ్యి, బాబాయితో ఎలా మొదలుపెట్టాలో నువ్వే చెప్పాలి, నా గొంతుతో మాట్లాడ్డం నీకు అలవాటేగా

నలభై రెండు