స్కై దీవికి ఇక జూలైలో కాదు, అక్టోబరులో వెళ్దాం

క్లబ్బు సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే ఏడాది నుంచి స్కాట్లండులోని స్కై దీవికి జూలై ఫొటో ట్రిప్పు వేయడం లేదు. దాని బదులు అక్టోబరు మధ్యలో ఒకటి, ఫిబ్రవరి చివర్లో ఒకటి ఉంటాయి. ఒక్కోదానికి ఎనిమిది మందినే తీసుకెళ్తాం, అందుకని మనిషికి పడే ఖర్చు పెరుగుతుంది. జూలైకి అడ్వాన్సు కట్టినవాళ్లకు డబ్బంతా తిరిగి ఇచ్చేస్తాం, ఒక్క పౌండు కూడా కోయం. గ్లాస్గో, ఎడిన్‌బరా బడులకు అక్టోబరు సెలవులు ఆ రోజుల్లోనే వస్తాయి. ఇంగ్లండు నుంచి వచ్చే కుటుంబాలకు మాత్రం ఆ తేదీలు కుదరకపోవచ్చు. అది నాకూ బాధగానే ఉంది.

అయినా మార్చడానికి పెద్ద కారణం వెలుగు. జూన్‌లో, జూలై మొదట్లో అక్కడ తెల్లవారుజామున ఐదు కాకముందే సూర్యోదయం, రాత్రి పది దాకా సూర్యాస్తమయం కాదు. మంచి వెలుగు కావాలంటే రెండు పూటలా నిద్ర మానుకోవాలి. మీరు సెలవు పెట్టుకుని పగలు తిరిగే గంటల్లో సూర్యుడు బాగా పైకెక్కి ఉండి కొండల మడతలన్నీ చదునైపోతాయి. అక్టోబరు మధ్యలో సూర్యుడు ఎనిమిదికి కాస్త ముందు వస్తాడు, సాయంత్రం ఆరు దాటాక వెళ్తాడు. మధ్యాహ్నం కూడా కిందికే ఉంటాడు కాబట్టి పక్కవాటు వెలుగు రోజంతా దొరుకుతుంది, మబ్బు విడిస్తే. ఓల్డ్ మాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభానిది తూర్పు ముఖం. ఉదయం ఎదురుగా ఉన్న రాసే (Raasay) అనే దీవి మీదుగా వచ్చే కిరణాలు దానికి సూటిగా తగులుతాయి. క్విరాంగ్ కొండల దగ్గర అప్పటికి ఫెర్న్ మొక్కలు ఎండి తుప్పు రంగుకు తిరుగుతాయి. ఆ రంగు కోసమైనా ఒకసారి రావాలి. ఫిబ్రవరిలో స్లిగాచన్ పాత వంతెన వెనక బ్లాక్ కూలిన్ శిఖరాల మీద మంచు ఉండే అవకాశం ఎక్కువ.

ఇంకో కారణం మిడ్జిలు. దోమకన్నా చిన్న పురుగులు, వేసవిలో గాలి ఆగితే చాలు, ముఖం మీద ముసురుకుంటాయి. ట్రైపాడ్ దగ్గర కదలకుండా నిలబడేవాళ్లకు ఇది నరకమే. అక్టోబరుకు దాదాపు కనిపించవు.

ఎనిమిది మందే ఎందుకని కొందరు అడిగారు. ఎల్గోల్ లాంటి చోట్లకు పోయే రోడ్డు ఒకే వరుస. ఎదురుగా బండి వస్తే పక్కన కట్టిన పాసింగ్ ప్లేసులో ఆగి దారివ్వాలి. అక్కడ బండి నిలిపి ఫొటోలు తీయడం అక్కడివాళ్లకు ఎంత ఇబ్బందో ఆలోచించండి. ఆ దీవిలో సుమారు పదివేల మంది బతుకుతున్నారు, వాళ్లకు అదే పనికి, ఆస్పత్రికి వెళ్లే దారి. చిన్న వ్యాన్ అయితే ఆ రోడ్ల మీద ఎవరికీ అడ్డం కాదు. పైగా ఓల్డ్ మాన్ ఆఫ్ స్టోర్ దగ్గర బాట అంచులు కాళ్ల కింద అరిగిపోతున్నాయి. పెద్ద గుంపుతో వెళ్లి ట్రైపాడ్ల కోసం గడ్డి తొక్కడం నాకిష్టం లేదు.

వాతావరణం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్టోబరులోనూ ఫిబ్రవరిలోనూ వానా గాలీ తప్పవు. మలేగ్ నుంచి దీవిలోని ఆర్మడేల్ వెళ్లే ఫెర్రీ ఆగిపోవచ్చు, అందుకే ఇకపై కైల్ ఆఫ్ లొఖాల్ష్ ఊరి దగ్గర దీవికి ఉన్న వంతెన మీదుగానే వెళ్తాం. గాలి బాగా వీస్తే నీస్ట్ పాయింట్ కొండ అంచుకు ఎవరినీ పోనివ్వను. అక్కడి లైట్‌హౌస్ దగ్గర సూర్యాస్తమయం కోసమే వచ్చామని ఎంత అడిగినా సరే. అలాంటి రోజు పోర్ట్రీ రేవు దగ్గర రంగు రంగుల ఇళ్లు తీద్దాం, సాయంత్రం కూర్చుని ఎడిటింగ్ చూద్దాం. వాన వల్ల ఫొటోలు సరిగా రాలేదంటే డబ్బు తిరిగి ఇవ్వలేను, ఎందుకంటే గదుల అద్దె ముందే కట్టేసి ఉంటాం. ట్రిప్పే మేము రద్దు చేస్తే పూర్తిగా ఇస్తాం.

లెన్స్ తుడిచే గుడ్డలు ఎక్కువ తెచ్చుకోండి. నీళ్లు లోపలికి దిగని బూట్లు లేనివాళ్లు ముందే చెబితే ఎలాంటివి కొనాలో చెబుతాను. జూలైకి కట్టినవాళ్లు అక్టోబరుకు మారతారా, డబ్బు వెనక్కి కావాలా అన్నది ఈ నెలాఖరులోగా తెలపండి. సీట్లు ముందు మీకే, మిగిలితేనే కొత్తవాళ్లకు.