వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలో మునగడు: ప్రింట్లు, రేట్లు, ఆలస్యం గురించి

చిక్కడపల్లిలో మా ఫొటో షాపుకి వచ్చేవాళ్లకీ వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకీ కలిపి ఒకేసారి రాస్తున్నాను, ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి గొంతు పోతోంది. దసరాకి ఇస్తానన్న సముద్రం, లైట్‌హౌస్ ప్రింట్లలో ఉదయం సెట్ రెడీగా ఉంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. సాయంత్రం సెట్ మాత్రం డిసెంబరు చివరి దాకా రాదు, వచ్చినా రేటు ఎక్కువే.

ఎందుకో చెప్తాను. ఎక్కువమంది అడిగేది ఇదీ: "అన్నా, వైజాగ్ లైట్‌హౌస్, వెనకాల సూర్యుడు సముద్రంలో మునుగుతున్నట్టు ఒకటి కావాలి, హాల్లో సోఫా పైన పెట్టుకుంటాం." అది కుదరదండీ. మన ఆంధ్రా తీరం తూర్పు వైపు చూస్తుంది. సూర్యుడు బంగాళాఖాతంలోంచి లేస్తాడు, దిగేది కొండల వెనకో, కొబ్బరి తోటల వెనకో, అపార్ట్‌మెంట్ల వెనకో. డిసెంబరు సాయంత్రం ఆర్కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండకేసి చూడండి, సూర్యుడు దానికి కుడిపక్కగా ఊరి వెనక్కి జారుకుంటాడు. 'వైజాగ్ సన్‌సెట్' అని నెట్‌లో తిరిగే ఫొటోల్లో సూర్యుడు నీళ్ల అంచున ఉన్నాడంటే అది పొద్దున్న తీసిందైనా అయ్యుండాలి, ఆకాశం అతికించిందైనా అయ్యుండాలి.

ఆకాశం మార్చడం ఇప్పుడు ఫోన్లోనే నిమిషం పని. చేసిపెట్టమని అడిగినవాళ్లున్నారు, దానికి ఎక్కువిస్తామన్నవాళ్లూ ఉన్నారు. పెళ్లి ఆల్బమ్‌లో వెనకాల కరెంటు తీగ తీసెయ్యమంటే తీసేస్తాను, ఇది చెయ్యను. రేపు వైజాగ్ చుట్టం ఒకాయన మీ ఇంటికొచ్చి గోడకేసి చూసి నవ్వాడంటే మీ పరువూ పోతుంది, నా షాపు పేరూ పోతుంది. అందుకే ఇకనుంచి ప్రతి ఫ్రేమ్ వెనక ఊరి పేరు, నెల, పొద్దున్నా సాయంత్రమా అన్నది రాసి ఇస్తాం. వాస్తు పట్టింపు ఉండి "అస్తమించే సూర్యుడు వద్దు" అనేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది, వాళ్లు రోజూ కనీసం ఒకరైనా అడుగుతారు.

ఉదయం సెట్ జనవరి, ఫిబ్రవరి నెలల్లో తీసింది. ఆ రోజుల్లో సూర్యుడు ఆగ్నేయానికి జరిగి, వైజాగ్ తీరానికి దాదాపు ఎదురుగా నీళ్లమీద లేస్తాడు. జూన్‌లో అయితే ఈశాన్యానికి పోయి ఎడమచేతి పక్కన, భీమిలి వైపుగా కనిపిస్తాడు, ఎండాకాలం సెలవులకి వెళ్లి "మీ ఫొటోలోలాగా రాలేదు" అని నాకు మెసేజ్ పెట్టినవాళ్లకి జవాబు అదే. ఇంకోటి, మన హైదరాబాద్ కన్నా వైజాగ్ దాదాపు ఐదు డిగ్రీలు తూర్పున ఉంది, కాబట్టి అక్కడ సూర్యోదయం సుమారు 19 నిమిషాలు ముందే అయిపోతుంది. ఇక్కడి క్యాలెండర్ చూసుకుని అలారం పెట్టుకుంటే బీచ్‌కి వెళ్లేసరికి ఎండ మొహాన కొడుతుంది. అయినా అసలు రంగులు సూర్యుడు రాకముందువే. వచ్చాక, చలికాలంలో నీళ్ల అంచున మంచు, పొగ కలిసిన మసక పట్టీ ఒకటి ఉంటుంది, చాలా రోజులు సూర్యుడు ఆ పట్టీ దాటి పైకి వచ్చాకే కనపడతాడు. సెట్‌లో నాలుగో ప్రింట్‌లో సూర్యుడి కింద సగం మాసినట్టు ఉందేంటని అడిగారు కదా, అది ప్రింటింగ్ లోపం కాదు, ఆ పట్టీయే.

అక్టోబరు, నవంబరుల్లో మాత్రం అటు ఎవర్నీ తీసుకెళ్లను, బతిమాలినా సరే. తుపాన్ల కాలం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్‌ని ఊడ్చేసింది ఈ రోజుల్లోనే. మిగతా నెలల్లో బయల్దేరేముందు ఇన్‌కాయిస్ వాళ్ల అలల హెచ్చరికలు చూస్తాను. సముద్రమే లేని మన ఊళ్లో, ప్రగతినగర్‌లో కూర్చుని దేశం మొత్తానికీ సముద్రం సంగతి చెప్పే సంస్థ అది. నిజాంపేట వైపు ఉండేవాళ్లలో సగం మందికి ఆ గేటు లోపల ఏముందో తెలియదంటే నమ్ముతారా.

ఇక సాయంత్రం సంగతి. మన తీరంలోనే కావాలంటే అంతర్వేది ఉంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, నదికి తూర్పు ఒడ్డున ఉన్న ఊరు, కాబట్టి సూర్యుడు నది మీదుగా అవతలి ఒడ్డున దిగుతాడు. నరసాపురం దాకా రైలు, అక్కడ పంటు ఎక్కి నది దాటి సఖినేటిపల్లి చేరాలి. లైట్‌హౌస్ కూడా ఉంది. కాకపోతే అది నదిలో పడే ఎండ, మీరు అడిగే ఆ ఎర్రటి బంతి సముద్రంలోకి దిగడం కాదు.

అది కావాలంటే పడమటి తీరానికే పోవాలి. నేను ఎంచుకున్నది కర్ణాటకలో కాపు, ఉడుపి నుంచి మంగళూరు వెళ్లే దారిలో. 1901లో బండ మీద కట్టిన లైట్‌హౌస్, ఎత్తు 27 మీటర్లు, ముందంతా అరేబియా సముద్రం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, సముద్రం మీదికి వస్తుంది, కెమెరా బయటికి తీసే పరిస్థితి ఉండదు. చలికాలంలో అయితే ఆకాశం తేటపడుతుంది, పైగా సూర్యుడు నైరుతి వైపు జరుగుతాడు కాబట్టి లైట్‌హౌస్‌కి ఉత్తరంగా ఇసుకలో నిలబడితే టవరూ సూర్యుడూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. ఆలస్యం అందుకే. ప్రయాణం, బస, ఇద్దరు మనుషుల ఖర్చు, రేటు పెరిగేది దానికి.

సూర్యుడు దిగగానే అందరూ బ్యాగులు సర్దేస్తారు, నేను అప్పుడు ట్రైపాడ్ గట్టిగా పాతుతాను. తడి ఇసుకలో మూడు కాళ్లనీ ముందే లోపలికి దిగేదాకా నొక్కాలి, లేకపోతే అల వెనక్కి లాగేటప్పుడు కింద ఇసుక జారి కెమెరా కదిలి ఫొటో మసకైపోతుంది. సూర్యుడు మన దగ్గర నిటారుగా దిగుతాడు కాబట్టి, దిగాక ఆకాశంలో మిగిలే ఆ నీలం వెలుగు 20, 25 నిమిషాలకి మించి ఉండదు. దీపం వెలిగాక ఎన్ని సెకన్లకోసారి మెరుస్తోందో లెక్కపెడతాను, ప్రతి లైట్‌హౌస్‌కీ ఆ లెక్క వేరు, ఓడవాళ్లు దాన్నిబట్టే ఏ ఊరో గుర్తుపడతారు. పది సెకన్లకోసారి మెరిస్తే షట్టర్ పది సెకన్లకి తక్కువ కాకుండా తెరిచి ఉంచాలి, అప్పుడు ఒక్క మెరుపైనా తప్పకుండా పడుతుంది. సినిమా పోస్టర్లలోలాగా పొడుగాటి కాంతి చారలు కావాలంటారు కొందరు, గాలిలో తేమో మంచో ఉంటేనే అవి కనపడతాయి, లేని రోజు నేను గియ్యను. డ్రోన్ గురించి కూడా అడుగుతున్నారు. డాల్ఫిన్స్ నోస్ నేవీ వాళ్ల ప్రాంతం, అక్కడ ఎగరేసే ప్రశ్నే లేదు.

ప్రింట్ "ఫోన్లో ఉన్నంత వెలుగ్గా లేదు" అనే ఫిర్యాదు గురించి. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం మీ గదిలో వెలుగుని తిప్పి పంపుతుంది అంతే. నీలం వేళ ఫొటోల్లో ఇది మరీ తెలుస్తుంది, బండలు నల్లటి ముద్దల్లా కనపడతాయి. అందుకని ఆ ఫొటోలు ఇప్పుడు కాస్త వెలుగు పెంచి ప్రింట్ తీస్తున్నాం, మెరుపు లేని మ్యాట్ కాగితం మీదే. గ్లాసీ అడక్కండి, కిటికీ ఎదురుగా పెడితే సముద్రం బదులు మీ కర్టెన్ కనపడుతుంది. ఇంటికి తీసుకెళ్లేముందు షాపులో ట్యూబ్‌లైట్ ఆపి, మీ హాల్లో ఉండే పసుపు బల్బు కింద చూపిస్తాం, నచ్చకపోతే అక్కడే చెప్పండి.

రేట్లు: ఉదయం సెట్‌లో 12×18 అంగుళాలది ఫ్రేమ్ లేకుండా 900, అదే ఉంటుంది. సాయంత్రం సెట్‌లో అదే సైజు 1,150. పెద్ద సైజులకి షాపులో అడగండి, చెక్కని బట్టి మారుతుంది. దసరాకి సాయంత్రం ప్రింట్ కోసం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత రేటే, తేడా నేనే పెట్టుకుంటాను, ఆగలేమంటే అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చేస్తాను, మొహమాటపడొద్దు. కాపు వెళ్లే వారంలో షాపులో మా తమ్ముడు ఉంటాడు, ఫ్రేములు వాడే కడతాడు గానీ ఫొటోలు ఎంచుకోవడంలో సలహా అడక్కండి, వాడికి అన్నీ బాగానే కనపడతాయి.