డబ్బా మూత లోపల పెట్టిన ఉత్తరం

కుషాయిగూడ, హైదరాబాద్
ఆదివారం రాత్రి

బిడ్డా,

మీ చిన్నమామ రేపు పొద్దున ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కుతున్నాడు. నువ్వడిగిన సిగ్నల్ జనరేటర్ ఆయన చేతికిచ్చి పంపుతున్నా. మూడు చానెళ్లూ పనిచేస్తున్నాయి. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మరిచిపోతానని రాసి మూత లోపలే పెడుతున్నా. మూతకున్నవి నాలుగు స్క్రూలే. విప్పి లోపల చూశాకే వాడు.

నీకు కావలసింది త్రీ ఫేజు. ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో మూడు సైన్ వేవ్‌లు. నేను పని నేర్చుకున్న రోజుల్లో సైన్ వేవ్ అంటే వీన్ బ్రిడ్జే. రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక ఆంప్లిఫయర్, వేవ్ ఎత్తును అదుపులో పెట్టడానికి ఒక చిన్న బల్బు. హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు మొట్టమొదట అమ్మిన సరుకు అలా బల్బు పెట్టిన ఆడియో ఆసిలేటరే. వేవ్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కి దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో గెయిన్, అంటే ఆంప్లిఫయర్ పెంచే రెట్లు, తగ్గుతుంది. ఇన్నేళ్లలో అంత అందమైన సర్క్యూట్ నాకు ఇంకోటి కనబడలేదు. కానీ అలాంటివి మూడు చేసి కలిసి నడవమంటే నడవవు. గది కాస్త వేడెక్కితే చాలు, దేని దారి దానిదే.

అందుకని కోఠికి వెళ్లి గుజరాతీ గల్లీలో ఏడీ 9833 మాడ్యూళ్లు మూడు తెచ్చా. సైన్ వేవ్‌ను అంకెలతో లెక్కగట్టి తయారుచేసే చిప్పున్న చిన్న బోర్డులవి. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని ఎర్ర ఎల్ఈడీలు ఏరుకున్న గల్లీ అదే. ఈ చిప్పు ఎలా పనిచేస్తుందో చెబుతా విను. ఒక చక్రం, దాని అంచు చుట్టూ 26,84,35,456 గీతలు ఉన్నాయనుకో. క్లాకు సెకనుకు రెండున్నర కోట్ల సార్లు కొడుతుంది. కొట్టినప్పుడల్లా చక్రం నువ్వు చెప్పినన్ని గీతలు జరుగుతుంది. అది ఎక్కడుందో చూసి, ఆ చోటికి సైన్ విలువ ఎంతో పట్టికలోంచి తీసి వోల్టేజీగా ఇస్తుంది. 50 హెర్ట్జ్ కావాలంటే లెక్క ప్రకారం 536.87 గీతలు జరగాలి. అర గీత, పావు గీత కుదరదు కాబట్టి 537 ఇచ్చా. డిస్‌ప్లే మీద 50 అని ఉన్నా బయటికొచ్చేది 50.012. నీ ప్రయోగానికి ఇది చాలు, కానీ రికార్డులో 50.012 అనే రాయి.

ఫేజుకు, అంటే వేవ్ చక్రంలో ఎక్కడ మొదలవ్వాలో చెప్పడానికి, చక్రాన్ని 4096 భాగాలు చేస్తారు. రెండో చానెల్ 1365 దగ్గర, మూడోది 2731 దగ్గర మొదలవుతాయి.

ఇంతవరకు ఒక్క సాయంత్రం పని. ఆ తర్వాత మూడు రాత్రులు పోయాయి. అసలు ఈ ఉత్తరం దాని గురించే.

పరీక్ష కోసం రెండు చానెళ్లను 1000 హెర్ట్జ్‌లో, 90 డిగ్రీల తేడాతో పెట్టి, వేవ్‌లను తెర మీద చూపే ఆసిలోస్కోప్‌ను ఎక్స్-వై లోకి మార్చా. అందులో ఒక వేవ్ చుక్కను అడ్డంగా, ఇంకోటి నిలువుగా కదుపుతుంది. తెర మీద గుండ్రటి వలయం వచ్చింది. మీ అమ్మను కూడా పిలిచి చూపించా. ఆమె చూస్తుండగానే వలయం ఒక పక్కకు వాలింది, కోడిగుడ్డులా అయింది, సన్నబడి సన్నబడి వాలుగీతగా మారింది. మళ్లీ మెల్లగా తెరుచుకుంది. ప్రోగ్రాం తప్పనుకుని రెండుసార్లు తిరగరాశా. వైర్లన్నీ పీకి కొత్తవి వేశా. మార్పు లేదు. మూడో రాత్రి గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టా. వలయం పోయి, ఒకసారి అటు, ఒకసారి ఇటు వాలుగీతగా మారి, మళ్లీ మొదటికి రావడానికి ఇంచుమించు 100 సెకన్లు. అంటే లక్ష వేవ్‌లకు ఒక వేవ్ తేడా. అప్పుడు వెలిగింది. ప్రతి మాడ్యూల్ మీదా దాని క్లాకు దానికుంది. అన్నిటి మీదా 25 మెగాహెర్ట్జ్ అనే రాసి ఉంటుంది, కానీ ఆ క్లాకులను నడిపే క్రిస్టళ్లు ఏ రెండూ అచ్చంగా ఒకేలా కొట్టవు. లక్షలో ఒక వంతు తేడా అంటే క్రిస్టల్ చెడిపోయినట్టు కాదు, అది మామూలే. ఫ్రీక్వెన్సీకి ఆ తేడా లెక్కలోకే రాదు. ఫేజు మాత్రం పోగవుతూనే ఉంటుంది.

రెండు మాడ్యూళ్ల క్లాకులు హాట్ ఎయిర్‌తో లేపేశా. మొదటిదాని క్లాకే మూడింటికీ వెళుతోంది. మూత తీయగానే కనబడే పసుపు వైర్లు అవే. వాటిని పొడుగు చేయకు, పక్కన మెలేసిన నల్ల గ్రౌండ్ వైరు విప్పకు. ఇప్పుడు వలయం రాత్రి పెట్టింది పెట్టినట్టు పొద్దున దాకా ఉంది. లేచి చూసి మీ అమ్మను మళ్లీ పిలిచా.

ఇంకొకటి. నాబ్ తిప్పి ఫ్రీక్వెన్సీ మార్చినప్పుడు మూడు వేవ్‌లూ రెప్పపాటు ఆగుతాయి. కంగారుపడకు. ఒక్కోదానికి విడిగా కొత్త నంబరిస్తే ఫేజు చెదురుతుంది కాబట్టి మూడింటినీ రీసెట్‌లో ఆపి, నంబర్లు రాసి, ఒకేసారి వదిలేలా ప్రోగ్రాం రాశా.

చిప్పు ఇచ్చేది 0.6 వోల్టులే. టీఎల్ 072 అనే ఆంప్లిఫయర్ చిప్పు పెట్టి 16 రెట్లు పెంచా. డీసీని ఆపే కెపాసిటర్ మొదట 0.1 మైక్రోఫారడ్ వేశా. 100 కిలోఓములతో కలిసి అది 50 హెర్ట్జ్ దగ్గర ఫేజును దాదాపు 18 డిగ్రీలు ముందుకు నెట్టింది. మూడూ సమంగా నెడితే బాధ లేదు, కానీ మూడు కెపాసిటర్లూ ఒకే విలువ ఉండవు కదా. ఇప్పుడున్నవి 10 మైక్రోఫారడ్‌వి. ఎప్పుడైనా పోతే అంతే విలువది వెయ్యి, చేతికి దొరికింది వేయకు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను బోర్డుకు దూరంగా మూలకు బిగించా. జరిపితే హమ్ము వస్తుంది.

మూడో చానెల్ నాబ్ కాస్త వదులుగా ఉంది. చిన్న అలెన్ కీ డబ్బాలోనే టేపుతో అంటించా. మామిడికాయ పచ్చడి సీసా వేరే సంచిలో పెట్టమని మీ అమ్మకు చెప్పా, మామ రెండూ ఒకే దాంట్లో తెస్తే ముందు డబ్బా తుడువు. రాగానే స్కోప్‌కు తగిలించి ఎక్స్-వై ఫొటో పంపు. మూడు వేవ్‌లను రెండేసి చొప్పున మూడు జతలూ చూడు.

నాన్న