ఐటీ మంత్రి గారూ, మాకు ఇంట్లో పని వద్దండి, ఇంటి దగ్గర్లో పని ఇప్పించండి

నారా లోకేష్ గారికి నమస్తే అండి,

నేను తణుకు దగ్గర ఒక ఊళ్ళో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, ఏ పార్టీ మనిషినీ కాదు. 2025 ఫిబ్రవరి 11న సైన్స్‌లో మహిళలు, బాలికల దినోత్సవం అని సీఎం చంద్రబాబు గారు ఒక పోస్ట్ పెట్టారు గుర్తుందా అండి, రాష్ట్రంలో వర్క్ ఫ్రమ్ హోమ్ పెద్ద ఎత్తున తెస్తాం, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం అని, దాంతో పాటే ఐటీ జీసీసీ (పెద్ద కంపెనీలు తమ పని కోసం ఇక్కడ పెట్టుకునే సెంటర్లు) పాలసీ 4.0 కింద ప్రతి సిటీలో, టౌన్‌లో, మండలంలో ఆఫీస్ స్పేస్ కట్టేవాళ్ళకి ఇన్సెంటివ్స్ ఇస్తాం అని కూడా. మా కాలేజీ ఫ్రెండ్స్ గ్రూప్‌లో అందరూ మొదటి ముక్క పట్టుకుని సంబరపడిపోయారు. రెండో ముక్క ఎవరూ చదివినట్టు లేరు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది అదే చూసి.

ఎందుకంటే కోవిడ్ నుంచి నేను ఇంట్లోంచే చేస్తున్నా, మా ఆయన కూడా. ఆయనకి గది ఉంది, గదికి తలుపు ఉంది, ఆ తలుపు వేసి ఉంటే పిల్లాడు కూడా కొట్టడు. నాకు డైనింగ్ టేబుల్. రోజూ టీమ్ అంతా ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే స్టాండప్ కాల్‌లో నా వంతు వచ్చేసరికి గ్యాస్ బండ అతను గేటు కొడతాడు, మధ్యాహ్నం చుట్టాలొస్తారు, మా మావయ్య గారి బీపీ మాత్రలు నేనే ఇవ్వాలి, ఎవరైనా ఏదైనా అడిగితే "అది ఇంట్లోనే ఉందిగా" అని నన్ను చూపిస్తారు. మా అత్తగారు చెడ్డావిడ కాదండి, పాపం ఆవిడే సగం వంట చేస్తారు, కానీ లాప్‌టాప్ ముందు కూర్చున్న కోడలు ఆఫీసులో ఉన్నట్టు ఆవిడ కళ్ళకి కనపడదు, అంతే. నా జీతం, మా ఆయన జీతం మధ్య తేడా పెద్దగా లేదు, తేడా అంతా తలుపు దగ్గరే వచ్చింది.

ఇది మా ఒక్క ఇంటి గొడవ అయితే మీ టైమ్ వేస్ట్ చేసేదాన్ని కాదు. 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దాని మీద పెడుతుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు, పిల్లల్ని పెద్దల్ని చూసుకోవడం దీంట్లో లేదు, అది వేరే లెక్క. దాదాపు ఐదు గంటల పని ఉన్న చోటికే మళ్ళీ ఆఫీసు పని కూడా తెచ్చి పెడితే ఏది పక్కకి జరుగుతుందో మీరే చెప్పండి. ఈ మధ్య పెళ్ళి సంబంధాల్లో కూడా "అమ్మాయికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉందా" అని అడుగుతున్నారు, అబ్బాయిని ఆ మాట అడిగిన వాళ్ళని నేను ఇప్పటిదాకా చూడలేదు.

అలాగని వర్క్ ఫ్రమ్ హోమ్ తీసేయమని అస్సలు అనట్లేదు, అది నా నోటి దగ్గర కూడు. అందరూ ఆఫీసుకి రావాలన్నప్పుడు ఏమైందో టీసీఎస్ వాళ్ళే 2023 యాన్యువల్ రిపోర్ట్‌లో ఒప్పుకున్నారు, అంతకుముందు మానేసే ఆడవాళ్ళ శాతం మగవాళ్ళ కంటే తక్కువో సమానమో ఉండేది, ఆ ఏడాది ఎక్కువైంది, ఇంటి నుంచి పని ఆగిపోవడం ఒక కారణం అయ్యుండొచ్చని వాళ్ళ హెచ్‌ఆర్ హెడ్డే రాశారు. మా కంపెనీలో కూడా హైదరాబాద్ రమ్మన్నప్పుడు మగవాళ్ళు పీజీ వెతుక్కున్నారు, చిన్నపిల్లలున్న ఆడవాళ్ళు రిజైన్ లెటర్ రాసుకున్నారు. నేను చేతులూ కాళ్ళూ పట్టుకుని మినహాయింపు తెచ్చుకున్నా, దానికి ప్రమోషన్ పోయింది, అడిగితే "విజిబిలిటీ లేదు", అంటే ఆఫీసులో కళ్ళకి కనపడట్లేదు అన్నారు.

అందుకే "ఆడవాళ్ళ కోసం వర్క్ ఫ్రమ్ హోమ్" అన్న ఆ బోర్డే నాకు భయం. 2017లో మెటర్నిటీ చట్టం మార్చి 26 వారాల సెలవు ఇచ్చారు, మంచిదే, కానీ ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమాకి ఉన్న జీతం లిమిట్ దాటినవాళ్ళకి ఆ డబ్బంతా కంపెనీ జేబులోంచే పోవాలి, అందుకని ఇంటర్వ్యూలో పెళ్ళైన అమ్మాయిని చూడగానే కొందరు మనసులో కాలిక్యులేటర్ తీస్తారు. అదే చట్టంలో సెలవు తర్వాత ఇంటి నుంచి పని అన్న మాట కూడా ఉంది, కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే అని పెట్టారు, కంపెనీ ఒప్పుకోకపోతే ఆ లైను ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఇప్పుడు ప్రభుత్వమే ఇంటి పని అంటే ఆడవాళ్ళది అని ముద్ర వేస్తే ఆ కాలిక్యులేటర్‌లో ఇంకో అంకె కలుస్తుంది సార్. రిమోట్ పని ఇస్తే అందరికీ ఇవ్వండి, పిల్లలున్న తండ్రులకి కూడా.

ఇక మండలాల్లో కట్టిస్తామన్న ఆ ఐటీ ఆఫీసుల సంగతి. గత ప్రభుత్వం ఊరూరా డిజిటల్ లైబ్రరీలు కడతాం, అక్కడినుంచే ఉద్యోగాలు చేసుకోవచ్చు అంది, మా వైపు నేనైతే ఒక్కదాంట్లో కూడా లాప్‌టాప్ తెరిచి కూర్చున్న మనిషిని చూడలేదు, కాబట్టి బిల్డింగ్ కట్టడమే పని అనుకోకండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ చేశారు కదా, తణుకులో సెంటర్ పెడితే మా ఊరి నుంచి వెళ్ళడానికి నాకు రూపాయి ఖర్చు ఉండదు, అత్తగారు కూడా "ఆఫీసుకెళ్ళింది" అంటారు, ఆ ఒక్క మాట చాలు నాకు. కావాల్సిందల్లా అక్కడ కరెంటు పోతే జనరేటరు, నెట్ పోతే ఇంకో లైను, తాళం పడే బాత్రూమ్, అన్నిటికంటే ముందు పిల్లల్ని చూసే గది.

ఈ చివరిదే ఎప్పుడూ తర్వాత చూద్దాం అంటారు. 50 మంది, అంతకు పైన ఉంటే క్రెష్ పెట్టాలని చట్టం ఉంది, కానీ మండల సెంటర్లో ఒక్కో కంపెనీ నుంచి నలుగురో ఐదుగురో కూర్చుంటారు, అప్పుడు ఆ 50 లెక్క ఎవరి నెత్తిన పడుతుంది? బిల్డింగ్ మొత్తాన్ని ఒక లెక్కగా తీసుకోండి, క్రెష్ లేనిదే ఇన్సెంటివ్ ఇవ్వం అనండి, బిల్డరే కడతాడు. కేంద్రం పాల్నా స్కీమ్‌లో అంగన్వాడీతో కలిపి క్రెష్‌లు ఉన్నాయి, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లల్ని రోజుకి ఏడున్నర గంటలు చూస్తారు. కానీ మీ కేబినెటే 2025 జూన్‌లో ప్రైవేటు ఉద్యోగాల పని గంటలు 9 నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది కదండి, మిగతా రెండున్నర గంటలు పిల్లాడు ఎక్కడుండాలి? అమెరికా క్లయింట్ అయితే కాల్స్ రాత్రి దాకా ఉంటాయి, అప్పటికి మా ఊరి ఆఖరి బస్సు కూడా పోతుంది. టైమింగ్స్ పెట్టేముందు ఆర్టీసీ వాళ్ళని, అంగన్వాడీ వాళ్ళని ఒక గదిలో కూర్చోపెట్టి మాట్లాడించండి చాలు.

ఇంకోటి, ఉద్యోగాల లెక్కలో పీఎఫ్ కట్టేవాళ్ళనే కలపండి. ఇంటి నుంచి చేసే ఆడవాళ్ళని కన్సల్టెంట్ అని రాసుకుని పీఎఫ్, సెలవులు ఎగ్గొట్టే కంపెనీలు బోలెడు, అలాంటి సీట్లకి మా పన్నుల డబ్బు ఇవ్వొద్దు. అలాగే చేరిన వాళ్ళ సంఖ్య ఒక్కటే చెప్పకుండా, ఏడాది తర్వాత అదే సీట్లో ఎంతమంది ఆడవాళ్ళు ఉన్నారో కూడా బయట పెట్టండి. టెలిగ్రామ్‌లో పార్ట్ టైమ్ టాస్కులు అని ఇంట్లో ఉండే ఆడవాళ్ళ దగ్గర వేలు, లక్షలు గుంజే ముఠాల గురించి వేరే లెటర్ రాయాలి, ప్రస్తుతానికి నిజంగా రిమోట్ ఉద్యోగాలు ఇచ్చే కంపెనీల లిస్టు మీ డిపార్ట్‌మెంట్ సైట్‌లో పెట్టినా సగం మంది మోసపోకుండా ఉంటారు.

తణుకులో కానీ అత్తిలిలో కానీ సెంటర్ మొదలుపెడితే నాకో సీటు ఉంచండి, అద్దె కంపెనీ ఇవ్వకపోతే నేనే కట్టుకుంటాను.

ఇట్లు,
పశ్చిమ గోదావరి నుంచి ఒక టెస్టింగ్ ఇంజనీరు