మడుగు మీది ఆకాశం కాదు, కొండ మీది వాన

సంపాదకుల వారికి,

నమస్కారములు. సముద్రతీర పట్టణాలకు కాస్త దూరంలో, అడవి మధ్య దాగి ఉండి, దిగి ఈదడానికి వీలైన మడుగులున్న జలపాతాల గురించి పత్రికల పర్యాటక పుటల్లో ఈ మధ్య తరచుగా వ్యాసాలు కనిపిస్తున్నాయి. వాటిని నేను ఇష్టంగా చదువుతాను. నీళ్ళు ఎంత పచ్చగా ఉంటాయో, ఎంత దూరం నడవాలో, ఏ వేళ ఎండ నేరుగా మడుగులో పడి ఫొటో బాగా వస్తుందో అవి చక్కగా చెబుతాయి. అయితే ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎంత త్వరగా పెరగగలవో చెప్పిన వ్యాసం నాకు ఇంతవరకు తారసపడలేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క లోటు గురించే. అలాంటి చోట్లకు వెళ్ళవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఉప్పునీటిలో, ఎండలో రెండు రోజులు గడిపిన మనిషి చెట్ల నీడలో చల్లని మంచినీటిలోకి మెడ వరకు దిగినప్పుడు కలిగే సుఖం ఎలాంటిదో నాకూ తెలుసు.

ఉష్ణమండలంలో సముద్రానికి అంత దగ్గరగా జలపాతాలు ఉండటం వింతేమీ కాదు. తీరం వెంబడి కొండల వరుస నిలబడి ఉన్న చోట, సముద్రం మీది తేమ గాలి ఆ కొండలకు తగిలి పైకి లేవక తప్పదు. పైకి వెళ్ళేకొద్దీ, సుమారుగా కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున చల్లదనం పెరుగుతుంది కాబట్టి, గాలిలోని ఆవిరి మబ్బుగా మారి కొండ నెత్తినే వానగా కురుస్తుంది. అలా కురిసిన నీటికి సముద్రం చేరడానికి ఉన్న దూరం చాలా తక్కువ, దిగవలసిన ఎత్తు చాలా ఎక్కువ. మైదానంలో రోజుల తరబడి పారే నదికి ఉండే తీరిక ఈ కొండవాగులకు ఉండదు. జలపాతాన్ని పుట్టించిన ఈ కొండ వాలే, వరద వచ్చినప్పుడు దానిని గంటల్లో కాక నిమిషాల్లో మడుగు దాకా తెస్తుంది.

పట్టణంలోని వాతావరణానికీ కొండ మీది వాతావరణానికీ ఎంత తేడా ఉండగలదో ఒక ఉదాహరణ చెబుతాను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కెయిర్న్స్ అనే తీర పట్టణం ఉంది. అక్కడ ఏడాదికి సగటున సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ పట్టణానికి దక్షిణంగా ఉన్న బెలెండెన్ కెర్ కొండ శిఖరం మీద ఆ సగటు 8,000 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. 1979 జనవరి ఒక్క నెలలోనే ఆ శిఖరం మీద 5,387 మిల్లీమీటర్లు నమోదయింది. పేరుపొందిన జోసెఫీన్ జలపాతం ఈ కొండల వరుసలోనే, ఆ రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన బార్టిల్ ఫ్రియర్ పర్వతం అడుగున ఉంది. నున్నటి బండ మీది నుంచి జారి మడుగులో పడటం కోసం జనం అక్కడికి వెళతారు. ఇక పట్టణంలోని హోటల్ గదిలో కూర్చుని, ఆ పట్టణపు వాతావరణ సూచన చూసుకుని, 'ఈ రోజు వాన లేదు' అని బయలుదేరే యాత్రికుడు నిజానికి తాను వెళ్ళని చోటి వాతావరణాన్ని చూసుకుంటున్నాడు.

లెక్క కూడా కష్టమైనది కాదు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. జలపాతానికి ఎగువన నీటిని పోగుచేసే నేల, అంటే పరీవాహక ప్రాంతం, అయిదు చదరపు కిలోమీటర్లే అనుకుందాం. అక్కడ ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే పడిన నీరు 25 కోట్ల లీటర్లు. అందులో కొంత అడవి నేల తాగేస్తుంది, నిజమే. కానీ అంతకుముందే వారం రోజులుగా తడిసి ఉన్న నేల ఇక తాగలేదు. మిగిలిన నీరంతా ఒకే ఇరుకు కోనలోంచి, ఒకే అంచు మీదుగా, మనం ఈదుతున్న మడుగులోకి దూకవలసిందే.

నాకు ఈ సంగతి పుస్తకంలో చదివినందువల్ల కాక, ఒక మధ్యాహ్నం ఒంటిమీదికి వచ్చినందువల్ల తెలిసింది. ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరం. మేము పది పన్నెండు మందిమి మడుగులో ఉన్నాము. తల మీద చెట్ల సందుల్లోంచి కనిపించినంత మేర ఆకాశం నీలంగా, నిర్మలంగా ఉంది. మాకు దారి చూపిన పెద్దాయన మాత్రం నీళ్ళలోకి దిగకుండా, మడుగు ఒడ్డున ఒక బండ దగ్గర గొంతుకు కూర్చుని, పైకి ఒక్కసారీ చూడకుండా, ఆ బండ మీద తడికీ పొడికీ మధ్యనున్న గీతనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి, అందరినీ బయటకు రమ్మని చేతులు ఊపాడు. కొందరు నవ్వారు. ఇంకో పది నిమిషాలు ఆగమని బతిమాలిన వారిలో నేనూ ఒకణ్ణి. ఆయన వినలేదు. గొంతు పెంచి, ఒకరిద్దరిని చేయి పట్టుకుని లాగి మరీ అందరినీ గట్టు ఎక్కించాడు. మేము బట్టలు కట్టుకునే లోపే నీటి మీద ఎండుటాకులు, చిన్న పుల్లలు రావడం మొదలైంది. తరువాత నీటి రంగు టీ రంగుకు తిరిగింది. అప్పటిదాకా ఒకే స్థాయిలో వినిపిస్తున్న జలపాతపు హోరు బరువెక్కి, కాళ్ళ కింది నేలలో వినిపించసాగింది. మేము చెప్పులు విడిచి, సంచులు పెట్టుకున్న బండ కొద్దిసేపట్లోనే నీటి అడుగుకు పోయింది. అప్పటికీ మా నెత్తిన ఒక్క చినుకు పడలేదు.

ఆ మధ్యాహ్నం తెలిసివచ్చిన నాలుగు గుర్తులే, అంటే బండ మీది తడి గీత జరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం, నీరు మట్టి రంగుకు తిరగడం, హోరు మారడం, ప్రతి యాత్రికుడికీ తెలియవలసినవి. వీటిలో ఒక్కటి కనిపించినా సామాను సంగతి మరచి, వచ్చిన దారి వైపు కాక ఎత్తు వైపు నడవాలి. ఎందుకంటే చాలాచోట్ల వచ్చిన దారే దిగువన అదే ఏటిని దాటుతుంది. మోకాలి లోతే కదా అని దాటబోవడం ఇలాంటప్పుడు జరిగే పొరపాట్లలో పెద్దది. నీటి వేగం రెండింతలయితే అది కాళ్ళ మీద వేసే ఒత్తిడి నాలుగింతలవుతుంది.

వేళ గురించి కూడా ఒక మాట. తీరంలో నేల వేడెక్కేకొద్దీ సముద్రపు గాలి బలపడి, తేమను కొండ వైపు తోస్తుంది. అందువల్ల ఉష్ణమండలపు తీర కొండల మీద ఉదయం తేటగా ఉండి, మధ్యాహ్నం దాటాక వాన పట్టడం చాలాచోట్ల మామూలు. మన యాత్రల ఏర్పాటు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. పొద్దున సముద్రం, భోజనం, ఆ పైన ఎండ తగ్గాక జలపాతం. ఫొటోల కోసం మధ్యాహ్నపు వెలుగును సిఫారసు చేసే వ్యాసాలు తెలియకుండానే పాఠకుడిని ఆ వేళకు పంపుతున్నాయి. తెల్లవారుతూనే వెళ్ళి, భోజనం వేళకు తిరిగి వచ్చేవారికి జనం రద్దీ కూడా తక్కువ ఉంటుందన్నది అదనపు లాభం.

వరద లేని రోజున కూడా మడుగు స్వభావం తెలుసుకుని దిగడం మంచిది. పైన గట్టి రాయి, కింద మెత్తని రాయి ఉన్న చోట, పడే నీరూ అది తెచ్చే గుండ్రాళ్ళూ కలిసి మెత్తని రాయిని తొలిచివేయడం వల్ల మడుగులు ఏర్పడతాయి. ఆ తొలవడం ఇంకా సాగుతూనే ఉంటుంది. ప్రతి వరదకూ అడుగున రాళ్ళు జరుగుతాయి, మానులు వచ్చి ఇరుక్కుంటాయి. కాబట్టి నిరుడు నిలువెత్తు లోతు ఉన్నదని ఎవరో చెప్పిన చోట ఈ ఏడు బండ ఉండవచ్చు. పది మీటర్ల ఎత్తు నుంచి దూకిన మనిషి గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగంతో నీటిని తాకుతాడు. ఆ వేగానికి నీరే గట్టిగా తగులుతుంది, ఇక రాయి సంగతి చెప్పనక్కరలేదు. జలపాతం కింద తెల్లగా నురగలెత్తే చోట గాలి బుడగలు నిండి నీటి సాంద్రత తగ్గిపోతుంది. అక్కడ శరీరం తేలే శక్తి తగ్గుతుంది, చేతులకు నీరు పట్టు ఇవ్వదు, పై నుంచి పడే ధార కిందికి నొక్కుతుంది. ఈత బాగా వచ్చినవారే ఆ నురగలోకి వెళ్ళడానికి ధైర్యం చేస్తారు గనుక, ప్రమాదం వారికే ఎక్కువ. మడుగు దిగువ అంచున, నీరు నిదానంగా ఉన్న చోట ఈదుకోవడంలో సరదా ఏమీ తగ్గదు.

నిట్టనిలువు కొండ కింద కూర్చోవడం గురించి కూడా ఆలోచించాలి. హవాయి దీవుల్లోని ఓహూలో సేక్రెడ్ ఫాల్స్ అనే జలపాతం ఉంది. 1999 మే 9న పై నుంచి రాళ్ళు విరిగిపడి, కింద ఉన్న సందర్శకుల్లో 8 మంది చనిపోయారు. ఆ నాటి నుంచి ఆ పార్కును ప్రజలకు మూసివేశారు. ఆ జలపాతానికి ఇప్పటికీ రహస్యంగా వెళ్ళేవారు ఉన్నారని వింటే మనుషుల మీద కోపం కన్నా జాలే కలుగుతుంది.

నీటి తేటదనం కూడా పూర్తి హామీ కాదు. జంతువుల మూత్రం ద్వారా నీటిలోకి, బురదలోకి చేరే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి గాయాల ద్వారా, కళ్ళ ద్వారా, నోటి ద్వారా మనిషిలోకి వెళ్ళగలదు. 2000 సంవత్సరంలో మలేషియాలోని సబాలో జరిగిన 'ఎకో ఛాలెంజ్' అనే సాహస పందెంలో 304 మంది పాల్గొన్నారు. ఆ తరువాత వైద్య పరిశోధకులు సంప్రదించగలిగిన 189 మందిలో 80 మందికి ఈ సూక్ష్మజీవి తెచ్చే జ్వరపు లక్షణాలు కనిపించాయి. అక్కడి సెగామా నదిలో ఈదడానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నట్టు తేలింది. భారీ వాన తరువాతి రోజుల్లో, ఒంటిమీద పచ్చి గాయంతో దిగకపోవడం, నీరు మింగకపోవడం మేలు. ఇంటికి చేరిన వారం రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పి వస్తే అడవి నీటిలో ఈదిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. అడగనిదే ఆ సంగతి ఎవరూ చెప్పరు, ఎండాకాలం జ్వరంతో వచ్చిన మనిషిని జలపాతానికి వెళ్ళావా అని ఎవరూ అడగరు. ఇటువైపు మనం నీటికి చేసే హాని కూడా ఉంది. ఒంటికి దట్టంగా పూసుకున్న సన్‌స్క్రీన్, దోమల మందు చిన్న మడుగులో కలిస్తే పలచబడిపోవడానికి అక్కడ సముద్రమంత నీరు లేదు. చెట్ల నీడ ఉండనే ఉంటుంది గనుక, పొడుగు చేతుల చొక్కాతో ఎండ సంగతి చూసుకోవచ్చు.

ఇక నా విన్నపం. ఇలాంటి జలపాతం గురించి పర్యాటక పుటలో వ్యాసం వేసినప్పుడల్లా, ఆ నీరు ఏ కొండ నుంచి వస్తున్నదో, ఆ కొండకు ఏ నెలల్లో వానలో, ఏ ఊరి వాతావరణ సూచన చూడాలో, మూసివేత గురించి ఎవరిని అడగాలో తెలిపే నాలుగు వాక్యాలు కూడా వేయమని కోరుతున్నాను. తమ విలేఖరి అక్కడికి వెళ్ళి రాస్తాడు గనుక, వాటిని సేకరించడం ఆయనకు పెద్ద శ్రమ కాదు. దానితో పాటు, ఎండ కాస్తున్న రోజున కూడా జలపాతం ద్వారం మూసి ఉండవచ్చునని, అది కాపలాదారు బద్ధకం వల్ల కాకపోవచ్చునని ఒక్క మాట చేర్చండి. టికెట్టు డబ్బులు ఇచ్చేసి, అంత దూరం నడిచి వచ్చి, నీలాకాశం చూపిస్తూ అలాంటి కాపలాదారులతో వాదించేవారిని నేను చాలాసార్లు చూశాను. ఒకసారి ఆ వాదించినవాణ్ణి నేనే.

ఇట్లు,
తమ పత్రిక పాఠకుడు